రొయ్యల తొట్టి: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అక్వేరియంలో పెంచే చిట్టి రొయ్యల గురించే. చేపలు పెంచి బాగా అలవాటున్నవాళ్లు కూడా వీటి దగ్గరికి వచ్చేసరికి తడబడుతున్నారు. చేప ఓర్చుకునే మార్పుల్ని రొయ్య ఓర్చుకోలేదు. అందుకే రొయ్యలు చనిపోతున్నాయని ఎవరు రాసినా నేను మొదట అడిగేది ఒకటే: ఈ వారం పది రోజుల్లో ఆ నీళ్లలోకి కొత్తగా ఏం చేరింది? జబ్బు సంగతి తర్వాత చూద్దాం.

ప్రశ్న: కొత్త ట్యాంకు కొని ఇసుక, మొక్కలు, ఫిల్టర్ అన్నీ పెట్టి మూడు రోజులు నడిపాను. నీళ్లు చాలా తేటగా ఉన్నాయి. పది ఎర్ర చెర్రీ రొయ్యలు వేశాను. రోజుకొకటి చనిపోతోంది, ఇప్పుడు నాలుగే మిగిలాయి. తిండి వేసినా ముట్టుకోవడం లేదు. ఎక్కడ పొరపాటు జరిగిందండీ?

జవాబు: నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన రొయ్యకు సరిపడతాయని కాదండీ. రొయ్యల విసర్జన నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి, కుళ్లిన ఆకుల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది కంటికి కనిపించదు. ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో స్థిరపడే బ్యాక్టీరియాలో ఒక రకం దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషాలే. నైట్రేట్ మాత్రం లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఇబ్బంది ఉండదు. ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీ ట్యాంకుకు దొరికింది మూడు రోజులే.

ఇంకో లోటు కూడా ఉంది. రొయ్య అసలు తిండి మీరు వేసే గుళికలు కాదు. ఆకుల మీద, రాళ్ల మీద, స్పాంజి మీద పట్టే సన్నని పాచిపొర. ముందరి కాళ్లతో పొద్దస్తమానం దాన్నే గీరి తింటూ ఉంటుంది. కొత్త గాజు మీద, కడిగిన ఇసుక మీద ఆ పొర ఉండదు. అందుకే నేనైతే పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నా వచ్చాక కూడా తొందరపడను. వెనక అద్దం మీద ఆకుపచ్చగా నాచు పట్టేదాకా ఆగుతాను. వెనక అద్దాన్ని తుడవను కూడా. అది వాటి మేత.

ఉన్న నాలుగింటినీ కాపాడుకునే పని చూద్దాం. గుళికలు పూర్తిగా ఆపేయండి. మిగిలినవి ఉంటే తీసేయండి. అమ్మోనియా, నైట్రైట్ రోజూ పరీక్షించండి. ఏది కనిపించినా పదో వంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు అదే వేడిలో, క్లోరిన్ తీసినవై ఉండాలి. కంగారులో సగం ట్యాంకు ఖాళీ చేయొద్దు. ఆ దెబ్బ వాటికి అమ్మోనియా కంటే తక్కువేమీ కాదు. చాన్నాళ్లుగా ట్యాంకు నడుపుతున్న స్నేహితులెవరైనా ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిలోంచి చిన్న ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. కావలసిన బ్యాక్టీరియా దానితోనే వస్తుంది. అయితే ఆ ట్యాంకులో చేపల మందులు వాడారేమో ముందు కనుక్కోండి.

మళ్లీ కొన్నప్పుడు సంచిలోంచి నేరుగా ట్యాంకులో వేయకండి. వాటిని ఒక గిన్నెలో పోసి, సన్నని ఎయిర్ ట్యూబుకు ముడి వేసి, ట్యాంకు నీళ్లు సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున అందులో పడేలా చేయండి. గిన్నెలో నీళ్లు రెండు మూడు రెట్లు అయ్యాక రొయ్యల్ని చిన్న వలతో తీసి వదలండి. గంటో రెండు గంటలో పడుతుంది. ఆ సమయం పెట్టాల్సిందే.

ప్రశ్న: ఏడాదిగా మా ట్యాంకులో చెర్రీ రొయ్యలు పిల్లల్ని కంటూ వందకు పైగా అయ్యాయి. మొన్న పొద్దున లేచి చూస్తే దాదాపు అన్నీ అడుగున పడి ఉన్నాయి. నీళ్లు మార్చలేదు, కొత్త మొక్క పెట్టలేదు, తిండి మార్చలేదు. పరీక్షిస్తే అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నత్తలు మాత్రం మామూలుగా తిరుగుతున్నాయి. నాకు ఏడుపు ఆగడం లేదు మేడమ్. ఏమై ఉంటుంది?

జవాబు: ఏడాదిపాటు కళ్లముందు పెరిగినవి ఒక్క రాత్రిలో పోతే ఏడుపు రాకుండా ఎలా ఉంటుందమ్మా. మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందులో మీరు రాసిన ఒక్క మాట నాకు బాగా ఉపయోగపడింది: నత్తలు బతికున్నాయి.

జబ్బయితే ఇన్ని ఒకే రాత్రి పోవు. రోజుకు ఒకటి రెండు చొప్పున పోతాయి. రాగి నీళ్లలో కలిసి ఉంటే నత్తలకూ గట్టిగానే తగిలేది. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థంలోనే రాగి ఉంది, అయినా నీళ్లలో కరిగిన రాగి దాన్ని చంపుతుంది. నత్తల్నీ చంపుతుంది. రొయ్యలు మాత్రమే ఒక్కసారిగా పోయి, నత్తలు మిగిలాయంటే నాకు మొదట అనుమానం వచ్చేది పురుగుమందు మీద.

ట్యాంకులో ఏమీ మారలేదన్నారు. గదిలో ఏం మారిందో గుర్తు చేసుకోండి. కొత్త దోమల మందు పెట్టారా? చీమలకో బొద్దింకలకో స్ప్రే కొట్టారా? చెదల మందు వేయించారా? ఇలాంటి ఇంటి మందుల్లో చాలావాటిలో పైరెత్రాయిడ్ల జాతి రసాయనాలు ఉంటాయి. అవి పురుగుల నరాల మీద పనిచేస్తాయి. రొయ్యకూ పురుగుకూ దగ్గరి చుట్టరికం, కాబట్టి నీళ్లలో అతి కొద్దిగా కలిసినా చాలు. నత్త వేరే జాతి, ఆ మందును చాలావరకు తట్టుకుంటుంది. ట్యాంకుకు మూత ఉందిగా అనుకుంటాం. కానీ ఎయిర్ పంప్ గదిలో గాలినే పీల్చి బుడగలుగా నీళ్లలోకి ఎక్కిస్తుంది. గాలిలో మందు ఉంటే దాన్ని రాత్రంతా నీళ్లలో కలిపేది ఆ పంపే.

ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే గోమార్ల మందు రాసిన చేతిని ట్యాంకులో పెట్టారేమో కూడా ఆలోచించండి. ఆ మందుల్లోనూ కొన్ని ఈ కోవలోవే. దోమల క్రీము రాసుకున్న చేతినీ ట్యాంకులో పెట్టకండి.

మా ఇంట్లో ట్యాంకు ఉన్న గదిలో స్ప్రే కొట్టకూడదన్నది చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్క గదిలో తప్పనిసరైతే పంపు ఆపి, ట్యాంకు మీద పాలిథిన్ షీటు కప్పి, ఇల్లంతా గాలి మారాక మళ్లీ నడుపుతాం. ఆ కాసేపు పంపు లేకపోయినా రొయ్యలకు ఏమీ కాదు.

ఆ ట్యాంకును మళ్లీ నిలబెట్టవచ్చు. ఈ మందులు ఇసుకకూ చెత్తకూ అంటుకుని ఉంటాయి. అందుకే ఇసుక, స్పాంజి రెండూ మార్చేయమనే చెబుతాను. మొక్కల్ని నీళ్లు మారుస్తూ కడగండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. స్పాంజి మారితే బ్యాక్టీరియా కూడా మళ్లీ మొదటి నుంచి పెరగాలి కాబట్టి పై ఉత్తరానికి చెప్పిన ఓపికే ఇక్కడా కావాలి. వెతికితే మాస్‌లో (నీళ్లలో గుబురుగా పెరిగే చిన్న మొక్క) ఒకటో రెండో ప్రాణంతో ఉండవచ్చు. ఉంటే వెంటనే వేరే మంచి నీళ్లలోకి మార్చండి.

ప్రశ్న: మా రొయ్యల్లో ఒకదానికి తలకీ ఒంటికీ మధ్య తెల్లటి గీత ఉంగరంలా చుట్టూ వచ్చింది. రెండో రోజుకు చనిపోయింది. ఇప్పుడు ఇంకోదానికి కనిపిస్తోంది. ఇది అంటువ్యాధా? వారం వారం సగం నీళ్లు మారుస్తూ శుభ్రంగానే ఉంచుతున్నాను.

జవాబు: అంటువ్యాధి కాదు. కుబుసం విడవడంలో వచ్చిన చిక్కు. రొయ్య పైపెంకు సాగదు కాబట్టి పెరగాలంటే పాతది విడిచిపెట్టాలి. పిల్లలు కొద్ది రోజులకోసారి, పెద్దవి మూడు నుంచి ఆరు వారాలకోసారి విడుస్తాయి. మామూలుగా మెడ వెనక, పైవైపు మాత్రమే పెంకు చీలుతుంది. రొయ్య ఒక్క ఊపుతో అందులోంచి బయటికి దూకుతుంది. చీలిక చుట్టూ తిరిగి ఉంగరంలా అయిందంటే ఆ ఊపుకు పట్టు దొరకక ఇరుక్కుపోయిందన్నమాట. గిల్లి తీయాలని చూడకండి. ఇరుక్కున్నవాటిలో చాలావరకు బతకవు. మిగతావాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది.

కారణం మీ ఉత్తరం చివరి మాటలోనే ఉందనుకుంటున్నాను. సగం నీళ్లు ఒక్కసారి మారిస్తే నీళ్లలోని ఖనిజాలు, వేడి చటుక్కున మారతాయి. కొత్త పెంకు లోపల ఇంకా తయారు కాకముందే ఆ దెబ్బకు రొయ్య పాతదాన్ని విడవడం మొదలుపెడుతుంది. వారానికి పదో వంతు చాలు. అది కూడా ట్యూబుతో నెమ్మదిగా పోయండి.

రెండో కారణం కాల్షియం, మెగ్నీషియం తక్కువగా ఉండటం. వీటిని కొలిచే లెక్క జీహెచ్. ఒక డిగ్రీ అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. చెర్రీ రొయ్యలకు 6 నుంచి 10 డిగ్రీల మధ్య బాగుంటుంది. టీడీఎస్ మీటర్ ఒక్కటే చూసి తృప్తి పడకండి. నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో అది చెబుతుంది, అందులో కాల్షియం ఎంతో చెప్పదు. చుక్కల మందుతో చేసే జీహెచ్ పరీక్ష కిట్ కొనండి. రొయ్యలు పెంచేవాళ్లు డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు అదేనని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఆవిరైపోయిన నీళ్లకు బదులు కుళాయి నీళ్లు పోస్తూ పోతే ఖనిజాలు పేరుకుంటూనే ఉంటాయి. నీరే ఆవిరవుతుంది, ఖనిజాలు అక్కడే మిగులుతాయి. తగ్గిన మట్టాన్ని ఆర్‌ఓ నీళ్లతో నింపండి. విడిచిన కుబుసాలను మాత్రం ఏరి పారేయకండి. ఒకటి రెండు రోజుల్లో వాటిని రొయ్యలే తినేస్తాయి, ఖనిజాలు తిరిగి వాటికే చేరతాయి.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. నా దగ్గర ఎర్ర రొయ్యలు ఉన్నాయి. నీలం, పసుపు కూడా కొనిస్తానని నాన్న అన్నారు. అన్నీ ఒకే ట్యాంకులో వేస్తే ఊదా రంగు, నారింజ రంగు పిల్లలు పుడతాయా?

జవాబు: పుట్టవు నాన్నా. నీ ఎర్ర రొయ్య, ఆ నీలం, ఆ పసుపు అన్నీ ఒకే జాతి. దాని పేరు నియోకారిడినా డేవిడి. తైవాన్, చైనా ప్రాంతాల వాగుల్లో ఉండే అసలు రొయ్యకు ఇన్ని రంగులు లేవు. మట్టి రంగు మచ్చలతో, దాదాపు ఒళ్లంతా లోపలికి కనిపించేలా ఉంటుంది. పెంపకందారులు తరం తరంలో కాస్త ఎక్కువ ఎర్రగా ఉన్నవాటిని ఏరి, వాటితోనే పిల్లల్ని పెట్టించుకుంటూ వచ్చి ఈ రంగులు రప్పించారు. అన్నీ కలిపేస్తే కొన్ని తరాల్లో పిల్లలు చాలావరకు ఆ పాత మట్టి రంగుకే వెళ్లిపోతాయి. వాటికి నష్టమేమీ లేదు, ఆరోగ్యంగానే ఉంటాయి. రంగు మాత్రం పోతుంది.

నీకు ఒక పని చెబుతాను. ఎర్రవి ఒక్కటే ఉంచుకో. ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు పెట్టుకో. కాస్త పెద్దగా ఉండి, రంగు చిక్కగా ఉండి, పొట్ట కింద గుండ్రంగా వంపు తిరిగి ఉన్నవి ఆడవి. మగవి సన్నగా, పాలిపోయి ఉంటాయి. ఆడదాని మెడ వెనక పసుపుగానో ఆకుపచ్చగానో ఒక మచ్చ కనిపిస్తే, అది అండాశయంలో తయారవుతున్న గుడ్లు. పిల్లలు పెద్దవయ్యాక బాగా పాలిపోయినవాటిని వేరే చిన్న ట్యాంకులోకి మార్చు. ప్రతి తరంలో రంగు ఎలా మారిందో రాసుకో. పిల్ల పుట్టి పెద్దదవడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, నువ్వు పదో తరగతికి వచ్చేసరికి చాలా తరాలు చూసి ఉంటావు. అప్పుడు నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: ఒక రొయ్య పొట్ట కింద గుడ్లు ఉన్నాయి. చేపలున్న ట్యాంకు కదా అని దాన్ని వేరే గిన్నెలోకి మార్చితే మర్నాటికి గుడ్లన్నీ రాల్చేసింది. ఎందుకిలా?

జవాబు: భయపడింది, నీళ్లు కూడా మారాయి. తల్లిని కదిలించకండి. అది పొట్ట కింది కాళ్లతో గుడ్లను ఆపకుండా విసురుతూ, తిప్పుతూ ఉంటుంది. వాటికి తాజా నీళ్లు తగలాలి, బూజు పట్టకూడదు. నీటి వేడిని బట్టి మూడు నాలుగు వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి. సాధారణంగా ఇరవై ముప్పై ఉంటాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవుతో అచ్చంగా తల్లిలాగే ఉంటాయి, పుట్టిన రోజునుంచే పాచిపొర మేస్తాయి.

మార్చాలనుకుంటే చేపల్ని మార్చండి. గప్పీ, బెట్టా లాంటివి పెద్ద రొయ్యల జోలికి వెళ్లకపోయినా పిల్లల్ని వదలవు. నోట్లో పట్టేదేదైనా చేపకు మేతే. ఆటోసింక్లస్ అనే నాచు తినే చిన్న చేప ఒక్కదాన్నే నేను రొయ్యలతో ధైర్యంగా ఉంచమంటాను. చేపలు తప్పవనుకుంటే జావా మాస్ గుబురుగా పెంచండి. అందులో దాక్కుని కొన్ని పిల్లలైనా దక్కుతాయి. ఫిల్టర్ నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజి తొడగడం మరిచిపోకండి. లేకపోతే పిల్లలన్నీ అందులోకే పోతాయి.

ప్రశ్న: చెర్రీ రొయ్యలు బాగా పెరుగుతున్నాయి. అదే ట్యాంకులో ఎరుపు తెలుపు చారల క్రిస్టల్ రొయ్యలు వేయవచ్చా?

జవాబు: వద్దండీ. అవి కారిడినా జాతివి. పీహెచ్ 6 నుంచి 6.8 మధ్య, జీహెచ్ 4 నుంచి 6, కేహెచ్ (పీహెచ్‌ను మారకుండా పట్టి ఉంచే కార్బొనేట్ల లెక్క) దాదాపు సున్నా, వేడి 24 డిగ్రీలు దాటకుండా కావాలి. చెర్రీలు పీహెచ్ 7, 7.5లో హాయిగా ఉంటాయి. రెంటికీ మధ్యరకంగా నీళ్లు పెడితే రెండూ బాధపడతాయి. క్రిస్టల్ రొయ్యల కోసం ప్రత్యేకంగా ఆర్‌ఓ నీళ్లలో ఖనిజ లవణం కలిపి, ఆమ్లగుణాన్ని నిలబెట్టే మట్టి పరిచి, విడిగా ట్యాంకు పెట్టుకోండి. చెర్రీలు ఏడాది పాటు సాఫీగా నడిపాక ఆ పని మొదలుపెడితే మంచిది.

ప్రశ్న: నాచు తింటాయని అమానో రొయ్యలు తెచ్చాను. గుడ్లు పెడుతున్నాయి కానీ ఒక్క పిల్ల కూడా కనిపించదు. చేపలు కూడా లేవు.

జవాబు: మంచినీళ్లలో కనిపించవు. జపాన్‌కు చెందిన ఫొటోగ్రాఫర్, మొక్కల అక్వేరియంలకు ప్రపంచమంతా పేరు తెచ్చిన తకాషి అమానో వీటిని తన ట్యాంకుల్లో నాచు అదుపుకు వాడి ప్రచారంలోకి తెచ్చారు. అందుకే ఆ పేరు. పెద్దవి మంచినీళ్లలోనే బతుకుతాయి కానీ గుడ్డులోంచి వచ్చే సూక్ష్మమైన డింభకాలకు ఉప్పునీళ్లు కావాలి. ప్రకృతిలో అవి ఏటి ప్రవాహంతో సముద్రం వైపు కొట్టుకుపోయి, అక్కడ రూపం మారాక తిరిగి పైకి వస్తాయి. ఇంట్లో సాధ్యమే, కానీ విడిగా ఉప్పునీటి తొట్టి, వాటికి సూక్ష్మ నాచు మేత పెట్టాలి. పిల్లల కోసమే అయితే చెర్రీలు పెంచుకోండి.

ప్రశ్న: అద్దం మీద సన్నని తెల్ల పురుగులు పాకుతున్నాయి. మందు వేయాలా?

జవాబు: తల ఆకారం చూడండి. బాణం మొనలా త్రికోణంగా ఉండి, జారుతున్నట్టు పాకితే ప్లనేరియా. అవి కుబుసం విడిచి మెత్తగా ఉన్న రొయ్యల్నీ పిల్లల్నీ పట్టి తింటాయి. వాటిని ఊరుకోకూడదు. ఫెన్‌బెండజోల్ అనే మందు తగిన మోతాదులో వేస్తే రొయ్యలకు హాని లేకుండా అవి పోతాయి కానీ కొన్ని రకాల నత్తలకు ప్రమాదం. ముందు నత్తల్ని తీసేయండి. త్రికోణపు తల లేకుండా దారంలా ఉండి నీళ్లలో మెలికలు తిరిగేవి అయితే ఏమీ చేయనక్కర్లేదు.

ఏ పురుగైనా ఇంతగా పెరిగిందంటే మాత్రం తిండి ఎక్కువైందని అర్థం. వారానికి రెండు మూడు సార్లు, రెండు మూడు గంటల్లో అయిపోయేంత వేయండి. ఉడికించిన పాలకూర ఆకు, ఎండిన బాదం ఆకు చాలా మంచివి. మందు కొట్టని చెట్టు ఆకై ఉండాలి.

ప్రశ్న: ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలకు వెళ్తున్నాయి. ఐసు వేయవచ్చా?

జవాబు: వేయొద్దు. వేడి హఠాత్తుగా దిగడం ఇంకా ప్రమాదం. మూత తీసి, నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. నీరు ఆవిరయ్యే కొద్దీ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఎయిర్ పంప్ ఆపకండి, వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. లైటు వెలిగే సమయం తగ్గించండి, తిండి కూడా తగ్గించండి.

ప్రశ్న: రొయ్యలు మరీ ఎక్కువైపోయాయి. చంపడం ఇష్టం లేదు. దగ్గర్లోని చెరువులో వదిలేద్దామనుకుంటున్నాను. మంచినీటి జీవులే కదా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. మీ మనసు నాకు అర్థమైంది, కానీ చెరువులో ఇప్పటికే ఉన్న ప్రాణుల వైపు నుంచి కూడా ఆలోచించండి. జర్మనీలో గిల్‌బాఖ్ అనే చిన్న వాగు ఉంది. విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే వేడి నీళ్ల వల్ల చలికాలంలోనూ అది వెచ్చగా ఉంటుంది. ఎవరో వదిలిన గప్పీలతో పాటు ఈ చెర్రీ రొయ్యలు కూడా అందులో స్థిరపడి సంతానం పెంచుకున్నాయి. అంత చలి దేశంలోనే దారి దొరికింది వాటికి. మన ట్యాంకుల్లోని పరాన్నజీవులు కూడా వాటితో పాటే బయటికి వెళ్తాయి.

తిండి తగ్గిస్తే సంతానం దానంతటదే తగ్గుతుంది. ఎక్కువైనవాటిని పెంచుకునేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీ నీళ్ల పీహెచ్, జీహెచ్, వేడి ఎంతో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. సంచిలో మూడో వంతు మీ ట్యాంకు నీళ్లు, మిగతాది గాలి ఉంచి, పట్టుకుని కూర్చోవడానికి చిన్న మాస్ ముక్క వేయండి. తీసుకెళ్లే రోజు తిండి పెట్టకండి, సంచిలో నీళ్లు పాడవకుండా ఉంటాయి.